రెండు రకాల అక్షింతలు

మన తెలుగువాళ్ళకి పురుగు మీద ఉన్నంత కోపం పాము మీద కూడా లేదు. పాముకి పుట్టలో పాలు పోస్తాం, నాగులచవితి చేస్తాం. పురుగుకి ఏ పండగా లేదు. గిట్టని మనిషిని 'పురుగును చూసినట్టు చూసింది' అంటాం. శాపనార్థాలు పెట్టాలంటే 'పురుగులు పడి పోతావ్' అంటాం. మళ్ళీ ఏ పెళ్ళికో వెళ్ళాలంటే మాత్రం బీరువా తెరిచి, ఒక పురుగు నోట్లోంచి వచ్చిన దారంతో నేసిన చీర కోసమే వెతుక్కుంటాం. ఆ సంగతి ఎవరైనా గుర్తు చేస్తే "అది వేరే పురుగు లెండి" అని దాటేస్తాం.

నేను చెప్పబోయేదంతా ఆ 'వేరే' గురించే. మావారి బదిలీల పుణ్యమా అని పుంగనూరు, కుప్పం, మదనపల్లె మూడూళ్ళలోనూ కాపురం పెట్టాను. మూడుచోట్లా ఎంతో కొంత పెరడు దొరికింది. మూడు పెరళ్ళలోనూ నేర్చుకున్నది ఒకటే. మొక్క మీద పురుగు కనిపించగానే "ఏం మందు కొట్టాలి?" అని కాదు అడగాల్సింది. "ఇది ఏ పురుగు? ఏం తింటోంది?" అని అడగాలి. పిల్లకి సంబంధం వస్తే ముందు ఇంటిపేరూ గోత్రమూ అడగమూ? ఇదీ అంతే.

దీనికి పెద్ద చదువులేం అక్కర్లేదు. గిన్నెలు చూసి ఎవరేం తిన్నారో చెప్పగల ఇల్లాలికి ఆకు చూసి చెప్పడం ఎంతసేపు? పురుగుల్లో ఒక పంక్తివాళ్ళు కొరికి తినేవాళ్ళు. గొంగళి పురుగులు, మిడతలు, పెంకు పురుగులు ఈ కోవ. ఆకుకి చిల్లులు పడతాయి, అంచులు అరిగిపోతాయి, కింది ఆకుల మీద నల్లగా ఆవగింజల్లా రెట్ట రాలి ఉంటుంది. రెండో పంక్తివాళ్ళు రసం పీల్చేవాళ్ళు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ, తామరపురుగు ఈ జాతి. నీళ్ళు తాగేశాక కొబ్బరిబొండాం పైకి ఎలా ఉన్నది అలాగే ఉంటుంది చూడండి, అలా ఆకు ఎక్కడా చిరగదు గాని అందులో జీవం ఉండదు. ముడుచుకుపోతుంది, పాలిపోతుంది, ముట్టుకుంటే జిగురుగా తగులుతుంది. ఇక మూడో రకం ఉన్నారు, లోపలికి దూరి గడియ వేసుకునేవాళ్ళు. వంగమొక్క కొస ఒక్కటే తల వాల్చేసిందంటే మొవ్వులో పురుగు కాపురం పెట్టిందని అర్థం. దానికి పైన ఏం చల్లినా దండగ. వాడిన కొసని రెండంగుళాలు కిందికి తుంచి, ఆ తుంచింది పెరట్లో పారెయ్యకుండా కాల్చెయ్యడమే వైద్యం.

పేనుబంకకి ఆ పేరు పెట్టింది కచ్చితంగా ఆడవాళ్ళే అయి ఉండాలి. పిల్లకి తల దువ్వుతూ పెరట్లో చిక్కుడుపాదు కేసి చూసి పెట్టి ఉంటారు. పేలలాగే గుంపులు, పైగా బంక. చిక్కుడు పాదు పైకి చీమలు బారులు తీరి ఎక్కుతుంటే వెళ్ళి చూడండి, చివుళ్ళలో పేనుబంక ఉండి తీరుతుంది. అది విసర్జించే తీపి కోసం చీమలు దాన్ని పాడి ఆవుని కాచినట్టు కాస్తాయి. దాన్ని తినడానికి వచ్చే పురుగుల్ని తరిమేస్తాయి కూడా. చాలామంది చీమల మీద పొడి చల్లి, పని అయిపోయిందనుకుంటారు. దానికంటే పందిరి గుంజకీ పాదు మొదలుకీ ఆముదం పూసిన గుడ్డపీలిక చుడితే కాపలా దిగిపోతుంది. పేనుబంకకి గొట్టంతో గట్టిగా నీళ్ళు కొట్టినా చాలావరకు రాలిపోతుంది. మిగిలినదానికి లీటరు నీళ్ళలో అయిదు గ్రాముల మామూలు సబ్బు కరిగించి, ఆకు అడుగు తడిసేలా చల్లితే చాలు. బట్టలుతికే పొడి మాత్రం వద్దు, ఆకులు మాడతాయి.

ఇప్పుడు మేముంటున్న మదనపల్లెలో టమాటా మాట రాకుండా పూట గడవదు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఇక్కడిది. 2023 జూలై నెలాఖరులో మేలురకం కిలో రెండు వందల రూపాయల దాకా ఎగబాకింది. ఇంకో ఏడాది అదే కాయ కోతకూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోస్తారు. ధర అలా ఉయ్యాలలూగుతుంటే రైతు చేతులు ముడుచుకు కూర్చోలేడు. దానికి తోడు దక్షిణ అమెరికా నుంచి టూటా అబ్సల్యూటా అనే పురుగు ఒకటి దిగింది. మన దేశంలో దాన్ని 2014లో కనుక్కున్నారు. ఆకు పొరల మధ్య దూరి తెల్లటి మచ్చల్లా తినేస్తుంది, కాయకి సూది గుచ్చినట్టు బెజ్జం పెడుతుంది. పురుగు కనిపించీ కనిపించకముందే మందు డబ్బా తియ్యడం అలవాటైపోయింది అంటే రైతుని తప్పు పట్టలేం. ఆయనకి అప్పుంది. కానీ మన పెరట్లో ఉన్నది పది మొక్కలు. మనకేం తొందర?

టమాటా కాయ తొలిచే పచ్చపురుగుకి బెంగుళూరు ఉద్యానపరిశోధన సంస్థవాళ్ళు చెప్పిన చిట్కా ఎంత సొగసైనదో చూడండి. పదహారు వరుసల టమాటాకి ఒక వరుస బంతి. నలభై అయిదు రోజుల బంతినారు, ఇరవై అయిదు రోజుల టమాటానారు ఒకేసారి నాటితే రెండూ కలిసి పూతకొస్తాయి. తల్లి రెక్కలపురుగుకి పచ్చని బంతి మొగ్గ మీదే మోజు, గుడ్లన్నీ వెళ్ళి అక్కడ పెడుతుంది. మనం ఆ మొగ్గలు చూసుకుంటే సరి. పది మొక్కలవాళ్ళకి రెండు బంతిమొక్కలు చాలు. పైగా గుమ్మానికి పువ్వులు.

ఇక నా శీర్షికలోని అక్షింతల సంగతి. మా పక్కింటి పిన్నిగారు వంగమొక్కలు వేశారు. ఆకులన్నీ జల్లెడలా అయిపోయాయి. చూస్తే గుండ్రంగా, ఎర్రగా, మచ్చలమచ్చల పురుగులు. అక్షింతల పురుగు అంటారు దాన్ని. ఆవిడ సబ్బునీళ్ళ బకెట్టు పెట్టుకుని వంగమొక్కల మీదవన్నీ దులిపేశారు. అంతటితో ఊరుకోక, పక్కనున్న చిక్కుడుపాదు మీద కూడా అలాంటివే ఉంటే అవీ ఏరి బకెట్లో వేశారు. వారం తిరిగేసరికి చిక్కుడు పాదంతా నల్లగా పేనుబంక. "ఏమిటమ్మా ఈ విడ్డూరం, పురుగుల్ని చంపితే పురుగులు పెరిగాయి!" అని ఆవిడ తల పట్టుకున్నారు.

ఆకుకూరలు తెచ్చే అవ్వ గంప దింపి, పాదు కేసి చూసి నవ్వింది. "తళతళా మెరిసేది మనది మా. దాన్ని చంపబాకండి. మసకమసకగా ఉండేది వంకాయది" అంది. ఒక్క వాక్యంలో పుస్తకమంత శాస్త్రం చెప్పింది ఆ అవ్వ. అక్షింతల పురుగుల్లో రెండు వంశాలున్నాయి, మన భాష రెండింటికీ ఒకటే పేరు పెట్టింది. వంగాకు గోకి తినేదానికి ఒంటి నిండా సన్నటి నూగు ఉంటుంది, అందుకే మెరుపుండదు. రాగిరంగు మీద ఇరవై ఎనిమిది చుక్కలు. దాని పిల్లపురుగు పసుపుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉంటుంది. చిక్కుడు మీదది నున్నగా, అద్దంలా మెరుస్తుంది, మచ్చలు కొద్దిగా ఉంటాయి. దాని పిల్లపురుగు నల్లగా పొడుగ్గా బుల్లి మొసలిలా ఉంటుంది. చూడ్డానికి భయమేస్తుంది గాని పేనుబంకని తినడంలో తల్లిని మించినది. రోజుకి పదులకొద్దీ స్వాహా చేస్తుంది. దాని ముద్దుకాని మొహం చూసి చంపేవాళ్ళే ఎక్కువ.

ఆలోచిస్తే మన భాష చేసిన పని సబబే అనిపించింది. అక్షింతలు మనకి మాత్రం ఒక రకమా? పీటల మీద కూర్చుంటే తల మీద పడేవీ అక్షింతలే, పప్పు మాడిస్తే అత్తగారి నోట పడేవీ అక్షింతలే. ఏవి దీవెనో ఏవి చీవాట్లో కొత్తకోడలికి తెలిసినట్టు మొక్కలు పెంచేవాళ్ళకీ తెలియాలి.

అస్సలు చంపకూడనివి ఇంకొన్ని ఉన్నాయి. చేతులు జోడించి నిలబడే గొల్లభామ, చెట్ల మధ్య గూడు అల్లే సాలీడు, తూనీగ, గోడ మీద తల ఊపే తొండ. వీళ్ళంతా జీతం అడగని తోటమాలులు. మా చిన్నతనంలో ప్రతి ఇంట్లోనూ గమాక్సిన్ పొడి ఉండేది. చీమకీ అదే, చెదకీ అదే, గులాబీకీ అదే. తోటమాలుల్నీ దొంగల్నీ ఒకే గోతిలో పూడ్చేది. దాన్ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. మళ్ళీ 2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ని ఆపించింది. ఒక తరం ధైర్యంగా చల్లినదాన్ని ఇంకో తరం భయపడి మానేస్తూ వస్తోంది. మధ్యలో ఆ కూరలు తిన్నది మన పిల్లలే కదా!

పుంగనూరు కాపురం 2009 నాటి మాట. పుంగనూరు అనగానే అందరూ ఆ పొట్టి ఆవు గురించి అడుగుతారు. ఊళ్ళో ఇంటింటా ఉంటుందనుకోకండి, అచ్చమైన జాతి ఆవు కనిపించడమే అపురూపం. మా అద్దె ఇంట్లో ఉన్నవి ముద్దమందారం, రెండు బొప్పాయి చెట్లు. ఆ ఏడు బొప్పాయి కాయలకి ఎవరో దూది అంటించినట్టు తెల్లగా పట్టేసింది. మందారానికీ అదే. పిండినల్లి. దూది లాంటి ఆ మైనపు దుప్పటి కప్పుకుని లోపల హాయిగా కూర్చుంటుంది, మందు దాని ఒంటికి తగిలితే కదా! పాత పళ్ళుతోముకునే బ్రష్షుకి సబ్బునీళ్ళు అద్ది రుద్ది కడిగాను. మందారం నిలిచింది గాని బొప్పాయి పైకి చెయ్యి అందలేదు.

తర్వాత తెలిసింది, అది మన పిండినల్లి కాదు. మెక్సికో పురుగు. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడి, బొప్పాయినీ కర్రపెండలాన్నీ మల్బరీనీ నాశనం చేస్తూ దక్షిణాదంతా పాకింది. రైతులు మందు మీద మందు కొట్టారు, తగ్గలేదు. చివరికి 2010లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు ప్యూర్టోరికో నుంచి దాని శత్రువుని తెప్పించారు. గుండుసూది తల కంటే చిన్న కందిరీగ జాతి పురుగు. అది పిండినల్లి ఒంట్లోనే గుడ్డు పెడుతుంది, పిల్ల లోపలినుంచి తినేసి బయటికొస్తుంది. వాటిని వదిలిన కొన్ని నెలల్లోనే తోటలు తేరుకున్నాయి. డబ్బాలకి డబ్బాల మందు చెయ్యలేని పని కంటికి ఆనని పురుగు చేసింది. అయితే అది ఆ ఒక్క పిండినల్లి మీదే పనిచేస్తుంది. ఏ పురుగో సరిగ్గా పోల్చుకోకపోతే ఈ వైద్యం దొరికేదే కాదు.

పుంగనూరులోనే వేప గింజల పని నేర్చుకున్నాను. ఎండిన గింజ పైపెంకు తీసి, లోపలి పప్పు దంచి, లీటరు నీళ్ళకి యాభై గ్రాముల లెక్కన గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున్న గట్టిగా పిండి, వడకట్టి, చిటికెడు సబ్బు తురుము కలిపి, ఆ రోజే సాయంత్రం చల్లాలి. ఎండలో చల్లితే దాని గుణం పోతుంది. 1959లో సూడాన్ దేశం మీద మిడతలదండు పడితే, పచ్చనిదల్లా తినేసి వేపచెట్లని మాత్రం వదిలేశాయట. ష్ముట్టరర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అది కళ్ళారా చూసి వేప మీద పరిశోధన మొదలుపెట్టాడు. మన నాయనమ్మలు బియ్యం డబ్బాలో వేపాకు వేసినప్పుడు ఎవరూ రాసుకోలేదు మరి! వేప పురుగుని అక్కడికక్కడే చంపదు. తిండి సయించనివ్వదు, పొర విడిచి పెరగనివ్వదు. అందుకని మర్నాడు పొద్దున్నే వెళ్ళి "ఇంకా బతికే ఉన్నాయి" అని తిట్టుకోకూడదు. నాలుగు రోజులు ఆగాలి.

ఇప్పుడు మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం మాట ఊరూరా వినిపిస్తోంది. 2015-16 నుంచి ప్రభుత్వమే నడుపుతోంది, పొదుపు సంఘాల ఆడవాళ్ళే దానికి వెన్నెముక. సుభాష్ పాలేకర్ గారు చెప్పిన నీమాస్త్రం, అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం పేర్లు వింటుంటే పెరట్లో కురుక్షేత్రం జరుగుతున్నట్టుంటుంది. మంచి పనే. కాని అస్త్రం అస్త్రమే సుమండీ! అగ్నిఅస్త్రంలో పచ్చిమిరప, వెల్లుల్లితో పాటు పొగాకు కూడా పడుతుంది. పొగాకు మన తోటలోనే పండినా విషమే. మెరిసే అక్షింతల పురుగునీ అది వదలదు. పైగా పొగాకుతో టమాటాకీ మిరపకీ వైరస్ తెగులు అంటుకునే ప్రమాదం ఉంది. షాపులో కొనలేదు కాబట్టి హాని లేదనుకోవడానికి వీల్లేదు.

ఆ మాట నాకు బాగా తెలిసొచ్చింది కుప్పంలో. కుప్పం మూడు భాషల కూడలి. మనం పురుగు అన్నదాన్ని తమిళంవాళ్ళు పుళు అంటారు, కన్నడంవాళ్ళు హుళ అంటారు. అందరూ ఒకదాన్నే తిడుతున్నారనుకున్నాను వెళ్ళిన కొత్తలో. పక్కింటికి వెళ్ళాక తెలిసింది, అక్కడ దానికి సేవలు జరుగుతున్నాయని.

పక్కింటి అక్కవాళ్ళు పట్టుపురుగులు మేపేవాళ్ళు. పెరట్లో వేరే కొట్టం, కిటికీలకి సన్నటి దోమతెరలు, గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకోవడానికి సున్నం చల్లిన గోనెపట్టా. గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టేదాకా ఇంచుమించు నాలుగు వారాలు. అందులో నాలుగుసార్లు పురుగు మేత మాని, కదలకుండా పడుకుని, పాత పొర విడుస్తుంది. దాన్ని వాళ్ళు జ్వరం అంటారు. "మూడో జ్వరంలో ఉండాది" అని ఆ అక్క చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, నిజంగా పిల్లకి ఒళ్ళు కాలుతున్నట్టు. నాలుగో జ్వరం దాటాక అర్ధరాత్రీ అపరాత్రీ లేదు, మేత వెయ్యాల్సిందే. వేలాది నోళ్ళు ఆకు కొరుకుతుంటే కొట్టంలో సన్నగా వాన పడుతున్నట్టుండేది.

నా గులాబీలకి తామరపురుగు పట్టింది. పొగాకు కషాయం బాగా పనిచేస్తుందని ఎవరో చెబితే, ఎంత పొగాకుకి ఎన్ని నీళ్ళో అక్కనే అడుగుదామని వెళ్ళాను. ఆకు తరుగుతున్న మనిషి కత్తి కింద పెట్టేసింది.

"వద్దు మా! పొగాకు పేరు కూడా ఎత్తబాక. మా ఆయప్ప బీడీ తాగితే చేతులు కడుక్కుని గానీ లోపలికి రానియ్యను. గాలికి ఆ నీళ్ళు మా మల్బరాకు మీద పడితే ఒక్క పురుగు మిగల్దు. పాపకి కాలేజీ ఫీజు ఈ పంటలోనే కట్టాల."

మా గోడకీ వాళ్ళ మల్బరీ మడికీ మధ్య ఇరవై అడుగులు ఉంటుందేమో. నా నాలుగు గులాబీ మొగ్గలూ, వాళ్ళ అమ్మాయి చదువూ ఆ ఇరవై అడుగుల్లో ఉన్నాయి. వేప అయితే ఫరవాలేదా అన్నాను. అదీ వద్దంది. నిజమే మరి, పొర విడవనివ్వకపోవడమే వేప గుణం, జ్వరం దాటితేనే పట్టుపురుగు బతుకు. మిత్రులు పురుగుల పాలిట సాత్వికమైన మందు అని చెప్పే బి.టి. పొడి సంగతి ఇంకా విచిత్రం. అందులో ఉన్న సూక్ష్మజీవిని మొట్టమొదట 1901లో జపానులో కనిపెట్టిందే చచ్చిపోతున్న పట్టుపురుగుల్లో. తోటకి సంజీవని, పట్టుకొట్టానికి మృత్యువు.

కిటికీల తెరలెందుకని అడిగితే ఊజీ ఈగకి అంది. అది పట్టుపురుగు మీద గుడ్డు పెట్టి పోతుంది, దాని పిల్ల పురుగుని లోపలినుంచి తినేస్తుంది. 1980లో కర్ణాటకలో అడుగుపెట్టి అక్కణ్ణించి ఈ చుట్టుపక్కలంతా వచ్చింది. ఆలోచించండి, ఇలా గొంగళి పురుగుల్ని తినే ఈగలు మన తోటలో ఉంటే దండం పెడతాం. అక్క ఇంట్లో దానికి తెరలు కడతారు. మా పుంగనూరు బొప్పాయిని కాపాడిన కందిరీగ చేసేదీ ఇదే పని. ఈ ఊజీని అణచడానికి మళ్ళీ దాని గూడులో గుడ్లు పెట్టే ఇంకో బుల్లి కందిరీగని పెంచి కొట్టాల్లో వదులుతున్నారు. పురుగు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకి 'ఎవరింట్లో?' అన్నదే జవాబు.

గులాబీలకి వారంపాటు పొద్దున్నే నీళ్ళు కొట్టాను. ముడుచుకున్న మొగ్గలు తుంచేశాను. నీలంరంగు వేసిన అట్టముక్కకి ఆముదం పూసి మొక్కల మధ్య వేలాడదీశాను, తామరపురుగుకి నీలం అంటే ప్రాణం, వచ్చి అంటుకుంటుంది. తెల్లదోమకైతే పసుపు అట్ట. పూలు పది రోజులు ఆలస్యంగా విచ్చాయి, అంతే. అక్కవాళ్ళ గూళ్ళు మంచి ధరకి పోయాయి.

అవి అమ్ముకొచ్చిన సాయంత్రం ఆవిడ కరివేపాకు కోసం మా పెరట్లోకి వచ్చింది. రెమ్మ పట్టుకోబోయి ఆగింది. ఆకు మీద లావుగా, పచ్చగా గొంగళి పురుగు. నిమ్మ, కరివేప మీద ఉంటుందది, చిన్నప్పుడు పిట్ట రెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా. వేలితో తాకితే నెత్తిన ఎర్రటి కొమ్ములు చాచి ఘాటువాసన కొడుతుంది. రెక్కలొస్తే సీతాకోకచిలుక. మా చెట్టు చిన్నది, రెండు పురుగులు చాలు బోడిచెయ్యడానికి. తీసి వీధి చివరి పెద్ద నిమ్మచెట్టు మీద వదిలేద్దామని కాగితం కోసం లోపలికి వెళ్ళబోతున్నాను.

అక్క దానికేసి కాసేపు తేరిపార చూసింది. వేలు పెట్టి మెల్లగా తట్టింది. "జ్వరం విడిచినట్టుండాది మా, ఆకలిమీద ఉంటాది. ఈ పూటకి తిననీ" అని, పక్కకొమ్మ నుంచి రెండు రెబ్బలు మాత్రం తుంచుకుని వెళ్ళిపోయింది.